పాత నాణేన్ని ఇంట్లోనే పరిశోధకుల్లా చదవడం ఎలా?

నిజాం పాలన చూసిన ఊళ్లలో చాలా ఇళ్లలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటైనా ఉంటుంది. కోస్తాలో, రాయలసీమలో అయితే విక్టోరియా రాణివో, జార్జి రాజువో కనిపిస్తాయి. వాటిని చూడగానే "ఇది ఎంతకు పోతుంది?" అని అడుగుతాం. నాణేలను చదివే పరిశోధకులు ఆ ప్రశ్నను చివరికి ఉంచుతారు. ఎక్కడ దొరికింది, ఎంత బరువుంది, ఏ లోహం, ఎవరు వేయించారు, ఏ టంకశాలలో, ఎప్పుడు అన్నవి ముందు తేల్చుకుంటారు. ఈ పనిలో చాలా భాగం మనమూ చేయవచ్చు.

కావలసినవి తక్కువే. గ్రాములో వందో వంతు (0.01) వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, వ్యాసం, మందం కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ (ఇనుపదైతే గీతలు పడతాయి), పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అయస్కాంతం, దారం, గ్లాసు నీళ్లు, నోట్‌బుక్. ఉదాహరణకు చార్మినార్ రూపాయినే తీసుకుందాం.

ముందుగా: తోమకండి

చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, ఇత్తడి సామాను తోమే పౌడరు ఏదీ నాణెం మీద వాడకూడదు. ఏళ్ల తరబడి లోహం మీద ఏర్పడిన పొర నాణేనికి రక్షణ. అది పోతే సన్నటి అక్షరాల అంచులూ పోతాయి, కొనేవాళ్ల దగ్గర విలువా పడిపోతుంది. మట్టి, కుంకుమ మరీ అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని మిగతావాటికి దూరంగా, తడి తగలని చోట పెట్టండి. అది లోహాన్ని తినేసే తెగులు. ఎప్పుడూ అంచులు మాత్రమే పట్టుకోండి.

దొరికిన చోటు రాసి పెట్టుకోండి

అందరూ వదిలేసేది ఇదే. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. బరువు రేపు కూడా తూచుకోవచ్చు, అక్షరాలు ఎల్లుండి చదువుకోవచ్చు. నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ రాయకపోతే, ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్లతో పాటే పోతుంది.

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలనే చూడండి. అక్కడ నేల మీద దొరికిన చిన్న చిన్న నాణేల మీద గోబద, నారన, సమగోప లాంటి రాజుల పేర్లు బయటపడ్డాయి. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడిగా చెప్పే సిముకుడి పేరు కూడా 'చిముక' రూపంలో కనిపించింది. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వీటిని చదివి ప్రకటించారు. శాతవాహనుల మొదటి అడుగులు పశ్చిమాన మహారాష్ట్రలో పడ్డాయా, తెలంగాణలోనా అన్న చర్చలో తెలంగాణ వైపు వాదనకు వీటితో గట్టి బలం వచ్చింది. అవే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ పాత సామాను కొట్లోనో తేలి ఉంటే ఒక పేరు మాత్రం తెలిసేది. చోటు తెలిసింది కాబట్టే చరిత్ర తెలిసింది.

అందుకే నాణెం ఎవరి దగ్గర నుంచి వచ్చింది, వాళ్లకు ఎలా వచ్చింది, ఏ ఊరు, ఏ పొలం, పక్కన ఇంకేం ఉన్నాయి అన్నది రాయండి. "అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చింది, వాళ్లది ఫలానా ఊరు" అన్నా సరే. కుండలో చాలా నాణేలు ఒకేచోట దొరికితే వాటిని విడదీయకండి. లంకెబిందెలోని అన్ని నాణేల్లోకి కొత్తది ఏ కాలానిదో తెలిస్తే, ఆ బిందెను అంతకు ముందు పాతిపెట్టలేదని తేలుతుంది. ఆ ఒక్క కొత్త నాణెం వేరైపోతే కాలం లెక్కే తప్పుతుంది.

తూచండి, కొలవండి

మూడుసార్లు తూచి, ఎక్కువసార్లు వచ్చిన అంకె రాసుకోండి. తర్వాత వ్యాసం, మందం. చార్మినార్ వెండి రూపాయి తయారీ బరువు సుమారు 11.18 గ్రాములు. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా అంతటా ఒకే తీరుగా వేసిన వెండి రూపాయిది 11.66 గ్రాములు. ఈ అర గ్రాము తేడాను మన పెద్దవాళ్లు రోజూ లెక్కపెట్టుకునేవాళ్లు. నిజాం రూపాయిని హాలీ అనీ, ఇంగ్లీషు రూపాయిని కల్దారు అనీ అనేవారు. మారకంలో దాదాపు 7 హాలీలకు 6 కల్దార్లు వచ్చేవి. తేడా బరువులో ఒక్కటే లేదు. కల్దారులో నూటికి 91.7 పాళ్లు వెండి ఉంటే, హాలీలో 81.8 పాళ్లే.

వాడకంలో అరిగిన నాణెం కాస్త తక్కువ తూగడం సహజం. ముఖం స్పష్టంగా ఉండి, అక్షరాలు పదునుగా ఉండి, బరువు మాత్రం గ్రాము తగ్గితే అనుమానించాలి.

లోహం తేల్చండి

అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని చాలామంది అనుకుంటారు. వెండి నాణేల విషయంలో ఆ మాట నిజమే. కానీ 1947లో వచ్చిన, వెనక పులి బొమ్మ ఉన్న రూపాయి అసలుదే అయినా అయస్కాంతానికి అంటుకుంటుంది, అది నికెల్‌ది కాబట్టి. స్వాతంత్ర్యం తర్వాత తొలి ఏళ్లలో వచ్చిన నికెల్ రూపాయి కూడా అంతే.

ఇంకా నమ్మకమైన పరీక్ష నీళ్లతో చేస్తారు. ముందు నాణేన్ని పొడిగా తూచండి. తర్వాత తూకం మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నటి దారం కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. ఇప్పుడు తూకం చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. మంచి చార్మినార్ రూపాయి సుమారు 1.10 గ్రాములు చూపుతుంది, అంటే సాంద్రత 10.2 దరిదాపుల్లో. స్వచ్ఛమైన వెండి 10.5, రాగి 8.9, సీసం 11.3, బంగారం 19.3. లెక్క 9కి దిగువన వస్తే అందులో వెండి లేదనే అనుకోవచ్చు. 9.6 దగ్గర వస్తే కంగారు పడకండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అటు బ్రిటిష్ రూపాయిలోనూ, ఇటు నిజాం రూపాయిలోనూ వెండిని సగానికి తగ్గించారు. నీళ్లలోంచి తీయగానే నాణేన్ని గుడ్డతో అద్ది, బాగా ఆరనివ్వండి.

అక్షరాలు, తేదీ చదవండి

బొమ్మ, బొరుసు రెండూ చూడాలి. గది చీకటి చేసి, టేబుల్ లైటును ఒక పక్క నుంచి బాగా కిందికి వంచి వెలుగు పడనివ్వండి. అరిగిపోయాయనుకున్న గీతలు నీడలుగా పైకి తేలతాయి. నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఫోటోలు తీయండి. ఒక కోణంలో దొరకని అక్షరం ఇంకో కోణంలో దొరుకుతుంది.

చార్మినార్ రూపాయి మీద ఉర్దూ రాకపోయినా మూడు సంగతులు పట్టుకోవచ్చు. మొదటిది, చార్మినార్ మధ్య కమాను లోపల ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. పేరులోని తొలి అక్షరాన్ని అలా కమానులో ఇమిడ్చారు. రెండోది, 92 అనే అంకె. చాలామంది దాన్ని సంవత్సరం అనుకుంటారు. అది అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరు విలువ. మూడోది హిజ్రీ సంవత్సరం, అంటే ఇస్లామీ కాలగణనలోని ఏడాది. అంకెల్లో సున్నా చుక్కలా, ఐదు మన సున్నాలా ఉంటుంది. ఏడు ఇంగ్లీషు 'వి' ఆకారంలో, ఎనిమిది దాన్ని తలకిందులు చేసినట్టు ఉంటాయి. హిజ్రీ ఏడాది చాంద్రమానం కాబట్టి మన ఏడాది కంటే చిన్నది. అందుకే 0.97తో గుణించి 622 కలపాలి. 1330 అని ఉంటే 1290 వస్తుంది, 622 కలిపితే 1912.

బ్రిటిష్ నాణేల మీద సంవత్సరం ఇంగ్లీషులోనే ఉంటుంది. అయితే 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలన్నీ ఆ ఏడాదివే కావు. అదే సంవత్సరాన్ని 1870ల దాకా అలాగే ఉంచి అచ్చు వేశారు. అచ్చులోని చుక్కల సంఖ్యను బట్టి ఏ ఏడాదివో వేరు చేయడం సేకర్తలకు ఒక ప్రత్యేక విద్య. రాణి పేరు పక్కన 'క్వీన్' అని ఉంటే 1877కు ముందు కాలపు అచ్చు, 'ఎంప్రెస్' అని ఉంటే ఆ తర్వాతిది.

పిల్లలతో ఈ పని మొదలుపెట్టాలంటే ఎడ్వర్డ్, జార్జి రాజుల కాలంలో వచ్చిన పూల అంచు అణా బిళ్ల వాళ్ల చేతికివ్వండి. దాని మీద ఉర్దూ, నాగరి, బెంగాలీ లిపులతో పాటు తెలుగులో 'ఒక అణా' అని ఉంటుంది. అంతకు చాలా ముందే, 1808 ప్రాంతంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేయించిన వెండి పావు వరహా మీద కూడా తెలుగు అక్షరాలున్నాయి. ఒక వైపు గుడి గోపురం, మరో వైపు విష్ణుమూర్తి. మన లిపి అంత దూరం నడిచిందని పిల్లలకు కళ్లారా చూపించవచ్చు.

టంకశాల గుర్తు

ఇప్పటి నాణేలతో అలవాటు చేసుకోవచ్చు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. అచ్చు పని ఎలా జరిగేదో తెలియాలంటే ఒకసారి వెళ్లి చూడాల్సిందే.

అచ్చును గమనించండి

బొమ్మ నిటారుగా ఉండేలా పట్టుకుని, నాణేన్ని పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. బొరుసు నిటారుగానే ఉందా, తలకిందులైందా? పరిశోధకులు దీన్ని గడియారం ముల్లు లెక్కలో 12 అనీ, 6 అనీ రాస్తారు. ఒకే రకం నాణేల్లో ఒకటి మాత్రం వేరే కోణంలో ఉంటే దాన్ని మళ్లీ జాగ్రత్తగా చూడాలి.

భూతద్దంతో చూస్తే కొన్నిసార్లు బొమ్మ కింద ఇంకో బొమ్మ ఆనవాళ్లు కనిపిస్తాయి. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివే, కానీ వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలు మళ్లీ కొట్టి ఉన్నాయి. శాతకర్ణి తాను ఓడించిన రాజు డబ్బును కరిగించకుండా దాని మీదే తన గుర్తు వేయించాడన్నమాట. ఆ యుద్ధం ఫలితానికి ఇంతకంటే సూటి సాక్ష్యం ఏముంటుంది? మీ దగ్గర నాణెం మీద అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తే, పాడైపోయిందని పక్కన పడేయకండి.

నకిలీలు, మోసాలు

పోత పోసిన నకిలీల మీద సన్నటి గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ పేరుతో 1616, 1717, 1818 లాంటి సంవత్సరాలు వేసి, రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న రాగి నాణేలు సంతల్లో తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటివి ఎన్నడూ వేయలేదు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని చెప్పే 'రైస్ పుల్లింగ్' మోసంలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది లక్షలు పోగొట్టుకున్నారు. ఏ నాణేనికీ అలాంటి శక్తి లేదు. పాత నాణేలకు కోట్లు ఇప్పిస్తామని ముందుగా ఫీజో, పన్నో అడిగేవాళ్లు కూడా మోసగాళ్లే. ఇలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదనీ, ఎవరినీ ఫీజు అడగననీ రిజర్వ్ బ్యాంక్ 2021లో ప్రకటించింది.

రికార్డు, భద్రం

ఒక్కో నాణేనికి ఒక కార్డు రాయండి: వరుస సంఖ్య, దొరికిన చోటు, లోహం, బరువు, వ్యాసం, అచ్చు కోణం, బొమ్మ వైపు వివరం, బొరుసు వైపు వివరం, ఫోటో నంబరు. తేల్చుకోలేని అక్షరం దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి నింపకండి. నాణేన్ని యాసిడ్ లేని కాగితం కవరులో ఉంచండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిగురు వదిలి నాణేన్ని పచ్చగా చేస్తాయి. తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు డబ్బాలో తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మార్చుకోవాలి.

చట్టం, ధర

భూమిలో నిధి దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. పొలంలో కుండ బయటపడితే కదిలించకుండా ఫోటో తీసి, ఎమ్మార్వో ఆఫీసుకు చెప్పండి. వందేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు తాతగారి గుర్తుగా పాత రూపాయి పంపాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నాణెం ఇక్కడే ఉంచి, రాసిన కార్డు, మంచి ఫోటోలు పంపించండి.

ధర ఇక చివర్లో. మామూలు వెండి రూపాయికి కనీసం అందులోని వెండి ధర ఉంటుంది. ఆపైన పలికేది ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టి. అమ్మదలిస్తే ఇద్దరు ముగ్గురు డీలర్లకు విడివిడిగా చూపించండి, నాణెంతో పాటు కార్డు కూడా ఇవ్వండి. అక్షరాలు మీకు అంతుపట్టకపోతే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఉన్న నాణేలతో పోల్చి చూడండి. వెళ్లేటప్పుడు నాణేన్ని ఇంట్లో ఉంచి, రెండు వైపులా ఒకే సైజులో తీసిన ఫోటోలు, బరువు, వ్యాసం రాసిన కార్డు పట్టుకెళ్తే సరిపోతుంది.