నెలల తరబడి నిలిపేసిన బైకు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఆరు నెలలో, రెండేళ్లో మూలన నిలబడ్డ బైకు కవరు తీయగానే చెయ్యి నేరుగా సెల్ఫ్ బటన్ మీదికి పోతుంది. అక్కడే ఆగండి. నిలిచిపోయిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఉండదు. పెట్రోల్ పాడై ఉంటుంది, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ఇవన్నీ బాగుచేసుకోగలిగినవే. తొందరపడి పొడిగా తిప్పినందుకు సిలిండర్‌లో గీతలు పడితే మాత్రం బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కోసి సాపు చేయడం) దాకా పోతుంది.

కాబట్టి ముందు పావుగంట కళ్లకు, ముక్కుకు పని చెప్పండి. సీటు తీసి వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి, ఎలుకలు గూడు కట్టే చోటు అదే. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టి గూడు ఉందేమో టార్చి వేసి చూడండి. ఆయిల్ గేజీ తీసి వాసన చూడండి: పెట్రోల్ వాసన వస్తున్నా, మట్టం పై గీత దాటినా, రంగు పాలు కలిపిన కాఫీలా ఉన్నా స్టార్ట్ చేయకముందే ఆయిల్ మార్చాల్సిందే. మొదటిదానికి కారణం కార్బరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) పొంగి పెట్రోల్ లోపలికి దిగడం, చివరిదానికి నీరు చేరడం.

కిక్ దిగదు, ఇంజిన్ కదలదు

ముందు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉన్నా కదలకపోతే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో పట్టేసి ఉంటాయి. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండిని సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. కిక్ మీద ఎక్కి తొక్కకండి, కిక్ షాఫ్ట్ పళ్లు విరుగుతాయి. ఒక రాత్రికి వదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి మూడు నాలుగు రోజులు ఆగండి. అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పించాలి, బలం ఉపయోగించి లాభం లేదు.

ఇంజిన్ తేలిగ్గా తిరుగుతున్న బండికి కూడా ఈ ఆయిల్ చుక్కలు మంచివే. తర్వాత పెట్రోల్ కాక్ మూసి (కార్బరేటర్ లేని ఇంజెక్షన్ బండికి పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి), ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పి ఇంజిన్‌ను పది పన్నెండు చుట్లు తిప్పండి. పోసిన ఆయిల్ బయటికొచ్చేస్తుంది. తిప్పేటప్పుడు ప్లగ్‌ను క్యాప్‌లోనే ఉంచి, రంధ్రానికి దూరంగా హెడ్ లోహానికి తగిలించండి. ఎర్త్ లేకుండా వదిలేస్తే ప్లగ్‌కు నిప్పు పుట్టించే కాయిల్, సీడీఐ యూనిట్ దెబ్బతినవచ్చు.

సెల్ఫ్ నొక్కితే టకటక శబ్దం, లేదా అసలు లైట్లే రావు

బ్యాటరీ. మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం. చార్జింగ్ చేసి కొన్ని గంటలు ఆగాక కూడా 10.5 దగ్గరే నిలిస్తే ఆరు సెల్లుల్లో ఒకటి పోయిందని అర్థం, కొత్తది వేయండి. చార్జింగ్ కరెంటు బ్యాటరీ ఆంపియర్ అవర్లలో పదో వంతు ఉండాలి: 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్, పది గంటలు. కారు బ్యాటరీల పెద్ద చార్జర్ తగిలిస్తే చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బిపోతుంది. నీళ్లు పోసే రకమైతే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో ప్లేట్లు మునిగేలా చూసుకోండి. పై గీత దాకా నింపడం చార్జింగ్ అయ్యాకే.

వోల్టేజీ బాగానే ఉండి, సెల్ఫ్ నొక్కగానే 9.5 కిందికి పడిపోతే ఆ బ్యాటరీకి లోడ్ మోసే శక్తి పోయింది. పడిపోకుండానే టకటకమంటుంటే టెర్మినళ్లు, ఎర్త్ వైరు బోల్టు విప్పి ఎమరీ పేపర్‌తో రుద్దండి. లైట్లు వచ్చి సెల్ఫ్ నొక్కినా కనీసం రిలే శబ్దం కూడా లేకపోతే కిల్ స్విచ్‌ని, క్లచ్ స్విచ్‌ని, సైడ్ స్టాండ్ స్విచ్‌ని పాతిక సార్లు అటూ ఇటూ ఆడించండి. లోపలి కాంటాక్టుల మీద పేరుకున్న పొర అలా రాలిపోతుంది.

ఇంజిన్ బాగా తిరుగుతుంది, కానీ అందుకోదు

కరెంటు వస్తోందా, పెట్రోల్ వస్తోందా అన్న రెండు ప్రశ్నలే. కొత్త ప్లగ్ పెట్టి చూడటం తేలిక. ప్లగ్ కొనల మధ్య గ్యాప్ చాలా బండ్లకు 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. ప్లగ్‌ను హెడ్‌కు ఆనించి తిప్పితే నీలం రంగు నిప్పు టప్‌మని వినపడాలి. పసుపుగా, సన్నగా వస్తే ప్లగ్ క్యాప్ విప్పి వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. తుప్పు పట్టే చోటు అదే.

నిప్పు బాగుంటే ఇక తప్పు పెట్రోల్‌దే. గాజు సీసాలో కొంచెం పట్టి వెలుతురులో పెట్టండి. టీ డికాషన్ రంగు, వార్నిష్ లాంటి ఘాటు వాసన ఉంటే అది మండదు. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోయి, మిగిలింది బంకగా మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో గాలిలోని తేమ చేరి, ఒక హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. కొత్త పెట్రోల్ కలిపి సరిపెట్టుకుందామంటే కుదరదు, ట్యాంకు గొట్టం అందుకునేది ముందు ఆ అడుగు పొరనే. ఈ పనంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి.

చోక్ వేస్తేనే నడుస్తుంది, తీయగానే ఆగిపోతుంది

నిలిచిన కార్బరేటర్ బండ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే, సగం బాగుచేసి వదిలేసేదీ ఇదే. కారణం స్లో జెట్ (బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ అందించే చిన్న ఇత్తడి గొట్టం) మూసుకుపోవడం. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఎండిన పెట్రోల్ బంక ఒక్క పొర చాలు మూతపడటానికి. మెయిన్ జెట్ దానికంటే పెద్దది కాబట్టి రేసింగ్ ఇస్తే బండి నడుస్తుంది, స్లోలో నిలవదు.

కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున తేనె రంగు జిగురో, ఆకుపచ్చ పొడో కనిపిస్తుంది. జెట్ విప్పేందుకు దాని గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, ఇత్తడి మెత్తనిది, గాడి చెదిరితే మళ్లీ ఊడిరాదు. జెట్‌ను కంటికి దగ్గరగా పట్టుకుని ఆకాశం వైపు చూడండి: గుండ్రని వెలుగు చుక్క కనపడాలి. నెలవంకలా కనపడినా, అంచు గరుకుగా ఉన్నా ఇంకా మురికి ఉన్నట్టే. కార్బ్ క్లీనర్‌లో అరగంట నానబెట్టి, సన్నని రాగి వైరు పోగుతో మెల్లగా పొడవండి. సూదీ, ఇనుప తీగా వద్దు, రంధ్రం పెద్దదైతే ఇక ఆ బండికి మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) ఎప్పటికీ కుదరదు.

జెట్ ఒక్కటే కడిగి బిగించేస్తే మర్నాడు మళ్లీ అదే కథ. జెట్ వెనకాల బాడీలో ఉన్న దారి కూడా మూసుకుని ఉంటుంది. మిక్స్చర్ స్క్రూను ముందు లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు పోయిందో రాసిపెట్టుకుని, తర్వాత పూర్తిగా విప్పండి. స్ప్రింగు, చిన్న వాషరు, ఓ-రింగు దాని వెంటే రావాలి, ఓ-రింగు లోపలే ఉండిపోవడం మామూలే. రబ్బరు డయాఫ్రమ్ ఉన్న కార్బరేటరైతే దాన్ని పక్కన పెట్టాకే క్లీనర్ కొట్టండి, తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. ఒక రంధ్రంలో కొడితే రెండో చివర ధారగా చిమ్మాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ ధార ఎటు నుంచి వస్తుందో తెలియదు.

ఇంత చేసినా స్లో నిలవకపోతే కార్బరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. ఎండి పగుళ్లిస్తే అక్కడ గాలి లాగుతుంది.

కార్బరేటర్ నుంచి పెట్రోల్ కారుతోంది

గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపాల్సిన ఫ్లోట్ సూది ఇరుక్కుపోయింది. గిన్నెను స్క్రూడ్రైవర్ పిడితో రెండు సార్లు తట్టండి, చాలాసార్లు వదులుతుంది. ఆగకపోతే సూది మొన చూడండి, చుట్టూ గాడి పడి ఉంటే మార్చాలి.

ఇంజెక్షన్ బండి

కీ తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నని గుయ్‌మన్న శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే చూసి, చివరికి పంపు దగ్గరికి వెళ్లండి. పంపు కనెక్టర్‌లో కీ తిప్పిన క్షణాన 12 వోల్టులు వస్తూ శబ్దం లేకుంటే పంపే బిగుసుకుపోయింది. శబ్దం వస్తున్నా స్టార్ట్ కాకపోతే ఫిల్టర్‌నీ ఇంజెక్టర్‌నీ అనుమానించాలి. ఇంజెక్టర్‌ను మాత్రం వైరుతో పొడవకండి, అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించండి.

కొంత దూరం నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది

ఆగిన చోటే ట్యాంకు మూత తెరవండి. స్‌స్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. శబ్దం లేకపోతే ట్యాంకు లోపల తుప్పు రాలి పెట్రోల్ వడకట్టే జాలీకి అడ్డం పడుతోంది. ట్యాంకు విప్పి, కాక్ తీసి, వైట్ వెనిగర్ నింపి ఒక రోజు ఉంచి, నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, వెంటనే వేడి గాలితో పూర్తిగా ఆరబెట్టండి. తడి గంట సేపున్నా కొత్త తుప్పు మొదలవుతుంది.

క్లచ్ పట్టి గేరు వేసినా బండి ముందుకు దూకుతుంది

క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, క్లచ్ లివర్‌ను హ్యాండిల్‌కు కట్టేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు ఇంజిన్ ఆఫ్‌లోనే, గేరులో, క్లచ్ పట్టి బండిని ముందుకు వెనక్కు గట్టిగా ఊపండి. అప్పటికీ విడకపోతే కవరు విప్పి ప్లేట్లు చేత్తో వేరు చేయాలి.

రోడ్డెక్కే ముందు

బ్రేకు లివర్ వదిలాక చక్రం స్వేచ్ఛగా తిరగకపోతే డిస్క్ బ్రేకులో ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్ బిగుసుకుంది, విప్పి శుభ్రం చేయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్చేయండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. పక్కల్లో పగుళ్లు కనిపిస్తే అరుగుదల ఎంత తక్కువున్నా వాడొద్దు.

స్టార్ట్ అయిన మొదటి కొన్ని నిమిషాలు పొగ వస్తుంది, అది మీరు పోసిన ఆయిలే. రేసింగ్ ఇవ్వకుండా స్లోలో వేడెక్కనివ్వండి. తర్వాత మీటర్ పెట్టి 4,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14 వోల్టులకు అటూ ఇటూ వస్తోందో లేదో చూడండి. 13 దాటకపోతే చార్జింగ్ కావడం లేదు, 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. పది పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగానే ఆయిల్ దించి, ఫిల్టర్‌తో సహా కొత్తది వేయండి.