మనిషికీ కంప్యూటర్‌కీ చెస్ ఆట జరుగుతుంటే తెలుగులో కామెంటరీ చెప్పడం ఎలా

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అక్క పిల్లలు, వాళ్ళ ఫ్రెండ్స్ అందరూ కలిసి ఓ ఎనిమిది మంది మా ఇంట్లో చేరారు. కరెంటు ఉంది, కూలర్ ఉంది, సరే అని ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి 1997లో వరల్డ్ ఛాంపియన్ కాస్పరోవ్‌కీ, ఐబీఎం కంపెనీ చెస్ కంప్యూటర్ డీప్ బ్లూకీ జరిగిన ఆట ఒకటి పెట్టి, ఎత్తులన్నీ దాచేసి ఒక్కోటే చూపిస్తూ అప్పుడే జరుగుతున్నట్టు కామెంటరీ మొదలెట్టా. పక్కన ఇంజిన్ (ఎవరికి ఎంత బాగుందో లెక్కేసి నంబర్ చూపించే చెస్ ప్రోగ్రామ్) కూడా ఆన్‌లోనే ఉంది, నేనేమో మాంచి ఊపులో "ఇప్పుడు తెల్లవాళ్ళకి ప్లస్ 2.3" అంటూ పోతున్నా. పదేళ్ళది చెయ్యెత్తి "మామయ్యా, 2.3 అంటే ఏంటి? గోల్సా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అసలు తెల్లవాళ్ళకి ఎందుకు బాగుందో నాకే తెలీదు, ఆ నంబర్ చూసి చదివేస్తున్నానంతే.

ఆ తర్వాత ఓ పదిహేను ఇరవై ఆటలకి చెప్పుంటా, ఇంట్లో కొన్ని, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో కొన్ని. నాకు పనికొచ్చినవి రాస్తున్నా. నేను గ్రాండ్‌మాస్టర్ని కాదు, మామూలు క్లబ్ ప్లేయర్ని, దీనికి అది చాలు.

మొదటి పని, ఇంజిన్ మీకు కనపడకూడదు. పూర్తిగా వద్దని కాదు, మీ కళ్ళ ముందు వద్దు. పక్కన ఇంకొకళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ ఫోన్‌లో పెట్టించండి, బోర్డు మీద పెద్ద తేడా వచ్చినప్పుడు మాత్రం మోకాలి మీద తడితే చాలు, ఎత్తు ఏంటో చెప్పకూడదు. తట్టగానే మీకు "ఇక్కడ ఏదో ఉంది" అని తెలుస్తుంది, అదేంటో మీరు వెతుక్కోవాలి, మీరు వెతుకుతుంటే చూసేవాళ్ళూ వెతుకుతారు, అసలు మజా అంతా అక్కడే. బోర్డుకి లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో స్టడీ అని ఉంటుంది, ఫ్రీ, అందులో ఆట పెట్టుకుని లింక్ పంపిస్తే వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా అదే బోర్డు చూస్తారు, మౌస్ రైట్ క్లిక్ పట్టుకుని లాగితే బాణం గీసుకోవచ్చు. ఒకేసారి రెండు బాణాల కంటే ఎక్కువ గీయకండి, బోర్డంతా నూడుల్స్ అయిపోతుంది.

పేర్లు ముందే తేల్చుకోండి. రాజు, మంత్రి, గుర్రం, బంటు వీటికి గొడవ లేదు. రూక్‌ని ఏనుగు అంటే దాదాపు అందరికీ తెలుస్తుంది. బిషప్ దగ్గరే తేడా, ఒకళ్ళు శకటు అంటారు, ఒకళ్ళు ఒంటె అంటారు, ఇంగ్లీష్ మీడియం పిల్లలు రెండిటికీ మొహం తేలేస్తారు. నేను బిషప్ అనే అంటా. "కోట కట్టాడు", "షా ఇచ్చాడు" (అంటే చెక్), "ఆట కట్టు" ఇవి మాత్రం వదలను, "క్యాస్లింగ్ చేశాడు" అనడం కంటే "కోట కట్టేసి రాజుని లోపల దాచుకున్నాడు" అంటే చెస్ రానివాళ్ళకి కూడా బొమ్మ కనపడుతుంది.

ఆట మొదలవకముందు ఎక్కడ, ఎలా అన్నది చెప్పాలి. 1997 మేలో న్యూయార్క్‌లో ఈక్విటబుల్ సెంటర్ అనే బిల్డింగ్‌లో ఆరు ఆటలు. ఆడింది 35వ అంతస్తులో చిన్న గదిలో, జనం కూర్చున్నది కింద ఆడిటోరియంలో, వాళ్ళు తెర మీద చూస్తుంటే యాసర్ సెయిరావన్, మారిస్ ఆష్లీ, మైక్ వాల్వో కామెంటరీ చెప్పారు. గెలిస్తే 7 లక్షల డాలర్లు, ఓడితే 4 లక్షలు. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, కంప్యూటర్‌కి చెయ్యి ఉంటుందా అని. ఉండదు, ఐబీఎం టీమ్‌లో ఒకాయన కాస్పరోవ్ ఎదురుగా కూర్చుని, స్క్రీన్ మీద వచ్చిన ఎత్తుని బోర్డు మీద వేసేవాడు. ఇది చెప్పకపోతే సగం మంది రోబో చెయ్యిని ఊహించుకుంటూ కూర్చుంటారు. ఇంకోటి, తలకి 40 ఎత్తులకి 2 గంటల టైమ్, అంటే నిజంగా లైవ్ అయితే గంటల తరబడి. పాత ఆట చెప్పేటప్పుడు దాన్ని 40, 50 నిమిషాలకి కుదించండి, కానీ ముఖ్యమైన ఎత్తు దగ్గర మాత్రం నిజంగానే మూడు నిమిషాలు ఆగండి, ఆ ఆలోచించే టైమ్ చూసేవాళ్ళకి కూడా ఇవ్వాలి.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరు మనుషులు ఆడుతుంటే మీరు ఇద్దరి మనసులూ చదవచ్చు, ఇతను తొందరపడ్డాడు, అతను భయపడ్డాడు అని. ఇక్కడ ఒకడికే మనసుంది. రెండో పక్క సెకనుకి 20 కోట్ల పొజిషన్లు చూసే మెషిన్. అది "వల వేసింది", "కసిగా ఆడుతోంది" అని మనకి నోట్లోంచి దానంతట అదే వచ్చేస్తుంది, క్రికెట్ కామెంటరీ విని పెరిగిన నోరు కదా. దాన్ని ఆపుకోవాలి. మొదటి ఆట చూడండి, మే 3న. కాస్పరోవ్ గెలుస్తున్నాడు, 44వ ఎత్తుకి డీప్ బ్లూ తన ఏనుగుని డీ1 గడికి తెచ్చింది, ఎందుకో అర్థం లేని ఎత్తు, తర్వాతి ఎత్తుకే ఓటమి ఒప్పుకుంది. మనిషి వేసుంటే దాంట్లో ఏదో లోతు ఉందని వెతుక్కుంటాం కదా, ఎంతో ముందుకి చూసి ఓటమి తప్పదని తెలిసే అలా వేసిందేమో అని కాస్పరోవ్ వాళ్ళూ తల బద్దలు కొట్టుకున్నారు. అది ప్రోగ్రామ్‌లో బగ్ అని, ఏ ఎత్తు వెయ్యాలో తేలక ఏదో ఒకటి వేసేసిందని ఆ టీమ్‌లోని మర్రే క్యాంప్‌బెల్ ఏళ్ళ తర్వాత చెప్పాడు. కాబట్టి మెషిన్ వింత ఎత్తు వేస్తే "ఈ ఎత్తు వల్ల బోర్డు మీద ఏం మారింది" అని చెప్పండి, "ఏమనుకుని వేసింది" అని మాత్రం వద్దు.

రెండో ఆట మే 4న, కామెంటరీ నేర్చుకోవడానికి దీనికి మించిన ఆట నాకు దొరకలేదు. డీప్ బ్లూ తెల్లవి. 36వ ఎత్తు దగ్గర ఆపేయండి. మంత్రిని బీ6కి పంపిస్తే బంట్లు దొరుకుతాయి, అప్పట్లో కంప్యూటర్ అంటే తిండిపోతని అందరికీ తెలుసు, బంటు కనపడితే వదలదు. చూసేవాళ్ళని అడగండి, మీరైతే ఏం వేస్తారని. మా వాళ్ళు ఎనిమిది మందిలో ఆరుగురు మంత్రినే పంపించారు. కానీ అది ముందు బంటుతో బంటు కొట్టించి, 37వ ఎత్తుకి బిషప్‌ని ఈ4లో పాతేసింది. దీన్ని ఎలా చెప్పాలి? నేను చెప్పేది ఇలా ఉంటుంది: "నల్లవాడికి ఊపిరాడాలంటే ఒకటే కిటికీ, ఈ బంటుని ముందుకి తోసి దారి తెరుచుకోవాలి. తెల్లవాళ్ళు తిండి పక్కన పెట్టి ముందు ఆ కిటికీకి అడ్డంగా బిషప్‌ని నిలబెట్టారు." అంతే. ఒక్క నంబర్ లేదు, ఒక్క వేరియేషన్ లేదు, చెస్ రాని మా అక్కకి కూడా అర్థమైంది. మెషిన్ ఇలా మనిషిలా ఆడటం చూసి కాస్పరోవ్‌కి అనుమానం పట్టుకుంది, వెనక మనుషులెవరైనా చెయ్యి పెట్టారేమో అని, ప్రెస్ మీట్‌లో మారడోనా చేత్తో కొట్టిన గోల్‌తో పోల్చాడు, లాగ్స్, అంటే మెషిన్ లెక్కల రికార్డులు, చూపించమన్నాడు. ఐబీఎం వాటిని తర్వాతెప్పుడో నెట్‌లో పెట్టింది. ఆ అనుమానం నిజమా కాదా అని మీరు తీర్పు చెప్పక్కర్లేదు, కానీ అతను ఆ మూడ్‌లో ఉన్నాడని చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

తర్వాత జరిగిందేంటంటే 45వ ఎత్తుకి తెల్ల ఏనుగు ఏ6కి రాగానే కాస్పరోవ్ ఓటమి ఒప్పేసుకుని లేచిపోయాడు. ఆట అయ్యాక నెట్‌లో జనం తమ కంప్యూటర్లతో నూరి నూరి బయటపెట్టిందేమో, మంత్రిని ఈ3లోకి దించితే వరసగా షాలు ఇస్తూ డ్రా చేసుకోవచ్చని! డ్రా ఆటని వదిలేసుకున్నాడు. మరుసటి రోజు అతని టీమ్ ఈ సంగతి చెప్తే ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఇక్కడ కామెంటరీ చెప్పేవాళ్ళు చేసే తప్పు, ముందే తెలుసు కాబట్టి "అయ్యో ఈ3 చూడలేదు పాపం" అనేయడం. అలా అంటే సగం ఆట చచ్చిపోయినట్టే. ఓటమి ఒప్పుకున్న పొజిషన్‌ని తెర మీద అలాగే ఉంచి, తెల్లరాజు ఎఫ్1లో ఎంత ఒంటరిగా ఉన్నాడో ఒక్క బాణం గీసి, "నల్లవాడికి వరసగా షాలు దొరికే దారి ఉందా" అని మాత్రం అడిగి నోరు మూసుకోండి. మా దాంట్లో పదకొండు నిమిషాలు పట్టింది, దొరికింది ఆ గోల్స్ పిల్లకే.

ఆరో ఆట చిన్నది, 19 ఎత్తులు, మే 11. అప్పటికి స్కోరు రెండున్నర రెండున్నర. కారో-కాన్ అనే ఓపెనింగ్‌లో కాస్పరోవ్ హెచ్6 బంటు తోశాడు, 8వ ఎత్తుకి మెషిన్ గుర్రాన్ని ఈ6లో బలిచ్చేసింది. ఇక్కడ కామెంటేటర్‌గా మీరు తేల్చాల్సింది ఒకటే, అది లెక్కేసి వేసిందా, ముందే ఎక్కించిన ఓపెనింగ్ పుస్తకంలోంచి వేసిందా. ఇది పుస్తకంలోదే. ఆలోచించకుండా ఠక్కున ఎత్తు వస్తుంటే పుస్తకం నడుస్తోందని, గడియారం తిరగడం మొదలైతే పుస్తకం అయిపోయిందని గుర్తు. లైవ్‌లో గడియారం మీద ఒక కన్నెయ్యమనేది ఇందుకే. మ్యాచ్ మూడున్నర రెండున్నరతో డీప్ బ్లూదయింది.

ఇక బ్లండర్ల గురించి, అంటే ఘోరమైన తప్పుల గురించి. మనమూ మనుషులమే, ఆడేవాడు చూడనిది మనమూ చూడం. 2006 నవంబర్‌లో జర్మనీలో బాన్ ఊళ్ళో క్రామ్నిక్, అప్పటి వరల్డ్ ఛాంపియన్, డీప్ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో రెండో ఆటలో 34వ ఎత్తుకి మంత్రిని ఈ3కి ప్రశాంతంగా జరిపి, లేచి కప్పు తీసుకుని వెళ్ళబోయాడు. తెల్ల మంత్రి హెచ్7లో దిగితే ఒక్క ఎత్తులో ఆట కట్టు! కంప్యూటర్ తరఫున ఎదురుగా కూర్చున్నతను తను కొట్టిన ఎత్తు సరైందేనా అని బోర్డునీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూసుకున్నాడట, ఆడియో కామెంటరీ చెప్పేవాళ్ళల్లో కూడా కనీసం ఒకరికి ఏమీ తట్టలేదట. ఎందుకంటే హెచ్7లో ఆ మంత్రికి కాపలాగా ఉన్న తెల్ల గుర్రం ఎఫ్8లో ఉంది. మంత్రి హెచ్7లో దిగేటప్పుడు గుర్రం జీ5లోనో ఎఫ్6లోనో ఉండటం మన కళ్ళకి అలవాటు, చివరి వరసలోంచి వెనక్కి చూసే గుర్రం ఎవరికీ కనపడదు. అందుకే మనిషి ఎత్తు వెయ్యగానే నోరు తెరవకముందు మూడు చూసుకోండి, షా ఏమైనా ఉందా, ఊరికే దొరికే ముక్క ఏమైనా ఉందా, మంత్రి ఎక్కడికి దూకగలదు. ఐదు సెకన్లు. ఆ తర్వాతే "బాగుంది ఎత్తు" అనండి.

నంబర్ చెప్పక తప్పకపోతే, జనం అడుగుతారు కాబట్టి చెప్పాల్సే వస్తుంది, మాటల్లోకి మార్చండి. ప్లస్ 1 అంటే పాత పద్ధతిలో ఒక బంటు ఎక్కువున్నంత సుఖం అనండి చాలు. అరకి అటూ ఇటూ ఊగుతుంటే అసలు చెప్పకండి. ఒక్కసారిగా సున్నా నుంచి నాలుగుకి ఎగిరితే మాత్రం ఏదో పడిపోయిందని అర్థం, వెతకండి. సున్నా అంటే సమానం అనేయడం కూడా తప్పే, మెషిన్‌కి సున్నా అయిన పొజిషన్‌లో మనిషికి ఒక్క ఎత్తే దారి ఉండొచ్చు, మిగతావన్నీ గోతులు. "లెక్క ప్రకారం సమానమే, కానీ తాడు మీద నడక" అని నేను చెప్తుంటా.

ఇప్పటి ఆటలకి చెప్పాలనుకుంటే సమానమైన మ్యాచ్ వెతుక్కోకండి. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ రేటింగ్ లిస్టులో 2801కి చేరాడు, దేశమంతా పండగ చేసుకున్నాం, కంప్యూటర్ల లిస్టుల్లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ రేటింగ్ 3500 పైన ఉంటుంది. రెండు లిస్టులూ ఒకటి కాదు గానీ దూరం తెలుస్తుంది. అందుకని ఇప్పుడు ముక్క తగ్గించి ఆడిస్తారు, లీచెస్‌లో గుర్రం లేకుండా ఆడే లీలా బాట్ (లీలా అనే ఇంజిన్ తనంతట తనే ఆడే ఖాతా) ఉంది, దాంతో మీ ఊళ్ళో బాగా ఆడేవాళ్ళెవరినైనా కూర్చోబెట్టండి. వీటికి కామెంటరీ వేరేగా ఉంటుంది. మొదటి ఎత్తుకే మనిషి గెలుస్తున్నాడు, కాబట్టి ఎవరు బాగున్నారు అన్న ప్రశ్నే లేదు, ఎక్కువున్న ఆ గుర్రాన్ని ఎప్పటిదాకా నిలబెట్టుకుంటాడు అన్నదే కథ. ముక్కలు మార్చుకుంటూ పోతే మనిషికి లాభం, బాట్ మార్చుకోనివ్వకుండా బోర్డుని చిక్కుముడి చేస్తుంది. ప్రతి మార్పిడి దగ్గరా "ఒకటి తగ్గింది" అని గట్టిగా లెక్కపెట్టండి, జనం మీతో పాటు లెక్కపెడతారు.

చివరగా, ఫోన్‌లో రికార్డ్ పెట్టుకుని రాత్రి ఒకసారి వినండి, సిగ్గేస్తుంది, అయినా వినండి. "ఇంజిన్ ఏమంటోందంటే" అని ఎన్నిసార్లు అన్నారో, "ఎందుకంటే" అని ఎన్నిసార్లు అన్నారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. నా మొదటి రికార్డింగ్‌లో మొదటిది ముప్పై ఒకటి, రెండోది నాలుగు. ఆ నాలుగులో ఒకటి కూలర్‌లో నీళ్ళు ఎందుకు అయిపోయాయో చెప్పినప్పటిది.