పొట్ట కండరాలకు వారానికి ఎన్ని రోజుల వ్యాయామం కావాలి?

విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఉదయపు నడక ముగించి, పొట్ట తగ్గాలని రోజూ క్రంచెస్ (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) చేసేవారి పట్టుదల మెచ్చుకోదగినదే. కాని పొట్ట కండరాలు కూడా చేతి, తొడ కండరాల వంటివే కనుక, శ్రమకు లోనైన తరువాత అవి కోలుకుని బలపడడానికి వ్యవధి అవసరం.

కొత్తగా మొదలుపెట్టేవారు సోమ, బుధ, శుక్రవారాలలో, అంటే రెండు సాధనల మధ్య సుమారు 48 గంటల ఎడం ఉండేలా చేయడం మేలు. ప్లాంక్ (బోర్లా, మోచేతులు, కాలివేళ్ల మీద ఆని శరీరాన్ని తిన్నగా నిలపడం) 20 నుంచి 30 సెకన్లు, క్రంచెస్ 10 నుంచి 15, వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తడం 8 నుంచి 12 సార్లు, ఒక్కొక్కటి 2 విడతలు చేస్తే మొదట్లో చాలు. క్రంచెస్‌లో పైకి లేచేటప్పుడు ఊపిరి వదలాలి. మెడను చేతులతో లాగకూడదు. కాళ్లు దించేటప్పుడు నడుము నేలను వదిలి లేస్తుంటే అంతకన్న కిందికి దించకూడదు.

దగ్గినా, నవ్వినా పొట్ట పట్టేస్తున్నట్లుంటే, వంతు వచ్చిన రోజైనా సరే, సాధన మాని తేలికపాటి నడకతో సరిపెట్టుకోవాలి. బరువులతో స్క్వాట్లు (గుంజీల వంటివి) చేసిన రోజు కూడా ఈ కండరాలు పనిచేస్తాయి. చాలామంది దానిని లెక్కలోకి తీసుకోరు. పొట్ట వ్యాయామం కండరాన్ని బలపరుస్తుందే గాని, దాని మీది కొవ్వును ప్రత్యేకంగా కరిగించదు. అందుకు ఆహారంలో మితం, నిండైన నిద్ర తోడు కావాలి. హెర్నియా ఉన్నవారు, ఇటీవల ప్రసవించినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.