గాలి కనిపించదు కదా, మరి ఎయిర్ అబ్‌స్ట్రాక్ట్ నౌన్ ఎందుకు కాదు?

టేబుల్, మ్యాంగో, బస్ కాంక్రీట్ నౌన్లు, అంటే ఇంద్రియాలకు అందే వాటి పేర్లు. లవ్, ఆనెస్టీ, ఫ్రీడమ్ అబ్‌స్ట్రాక్ట్ నౌన్లు, అంటే ఇంద్రియాలకు అందని భావాల పేర్లు. ఇంతవరకూ ఏ పిల్లాడైనా టకటకా చెప్పేస్తాడు. మార్కులు పోయేదల్లా ఈ రెండింటి మధ్య ఊగే మాటల దగ్గరే. పేపర్లో ఏ తప్పు కనిపిస్తోందో చూస్తే, అది ఎక్కడ పుట్టిందో చాలావరకు చెప్పేయొచ్చు.

సమస్య: ఎయిర్, స్మెల్, సౌండ్, ఆక్సిజన్ అన్నీ అబ్‌స్ట్రాక్ట్ అని రాస్తున్నారు

కారణం నోట్సులోనే ఉంటుంది. "కంటికి కనిపించేది కాంక్రీట్, కనిపించనిది అబ్‌స్ట్రాక్ట్" అని ఎవరో క్లుప్తంగా రాయించి ఉంటారు. అసలు నియమంలో కళ్లతో పాటు చెవి, ముక్కు, నాలుక, చర్మం కూడా ఉన్నాయి. ఫ్యాన్ వేస్తే గాలి ఒంటికి తగులుతుంది. పోపు వాసన పక్కింటి దాకా పోతుంది. ఉరుము చెవికి వినిపిస్తుంది. కాబట్టి ఇవన్నీ కాంక్రీట్ నౌన్లే.

ఆక్సిజన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. అయినా అది పదార్థం, సిలిండర్‌లో నింపి ఆసుపత్రికి పంపుతున్నారు. ఏదైనా పదార్థమని తేలితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కంటికి ఆనని బ్యాక్టీరియా సంగతీ అంతే.

సమస్య: హంగర్, పెయిన్ కాంక్రీట్ అంటున్నారు

ఇది తెలివైన పిల్లలు చేసే తప్పు. "ఆకలి ఒంటికి తెలుస్తుంది కదా సార్, నొప్పి తెలుస్తుంది కదా" అంటారు. వాళ్ల వాదనలో బలం ఉంది. నియమంలోనే "ఫీల్" అన్న మాట ఉంది మరి. కానీ అక్కడ దాని అర్థం చర్మానికి తగలడం. రాయి గరుకుగా తగలడం వేరు, కడుపులో నకనకలాడటం వేరు.

దీనికి నేను చెప్పే చిట్కా పక్కవాడి పరీక్ష. ఆ వస్తువు మీకు తెలిసినట్టే, పక్కన నిలబడ్డ మనిషికి కూడా అతని కన్నూ ముక్కూ చెవీ ద్వారా నేరుగా తెలుస్తుందా? మల్లెపూల వాసన ఇద్దరికీ తెలుస్తుంది, అది కాంక్రీట్. మీ పంటినొప్పి పక్కవాడికి తెలియదు. మీరు దవడ పట్టుకుని కూర్చుంటే "పాపం, నొప్పేమో" అని ఊహిస్తాడు, అంతే. దవడ కాంక్రీట్, పెయిన్ అబ్‌స్ట్రాక్ట్. కన్నీళ్లు కనిపిస్తాయి కాబట్టి టియర్స్ కాంక్రీట్. వాటి వెనక ఉన్న దుఃఖం, సారో, అబ్‌స్ట్రాక్ట్. స్మైల్ ముఖం మీద కనిపిస్తుంది, హ్యాపీనెస్‌ని ఆ చిరునవ్వును బట్టి మనం ఊహించుకుంటాం.

థెఫ్ట్ కూడా ఇలాగే తేలుతుంది. దొంగను చూడొచ్చు, పగిలిన తాళాన్ని చూడొచ్చు. దొంగతనం అన్నది జరిగిన పనికి మనం పెట్టుకున్న పేరు.

ఈ పరీక్ష చేతులెత్తేసే చోటు ఒకటుంది: లాఫ్టర్. నవ్వు పక్కవాడికీ వినిపిస్తుంది, ఆ లెక్కన కాంక్రీట్ కావాలి. మన స్కూళ్లలో తరతరాలుగా చెబుతున్న నిర్వచనం మాత్రం వేరేలా ఉంటుంది. గుణం, పని, స్థితి, వీటి పేర్లన్నీ అబ్‌స్ట్రాక్ట్ అంటుందది. నవ్వడం ఒక పని, కాబట్టి లాఫ్టర్‌ని అబ్‌స్ట్రాక్ట్ జాబితాలో వేస్తారు. మూవ్‌మెంట్ కూడా ఆ జాబితాలోదే. పరీక్షలో మీ పుస్తకం ఏ నిర్వచనం ఇస్తే దాన్నే పట్టుకోండి. వాదన ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

సమస్య: విట్‌నెస్, స్టేషన్, గార్మెంట్ అబ్‌స్ట్రాక్ట్ అయిపోతున్నాయి

కారణం తోకలు బట్టీ పట్టడం. నెస్, మెంట్, షన్, షిప్, హుడ్, డమ్, ఇటీ వస్తే అబ్‌స్ట్రాక్ట్ అని గైడుల్లో ఉంటుంది. కైండ్‌నెస్, పనిష్‌మెంట్, ఫ్రెండ్‌షిప్, చైల్డ్‌హుడ్, విజ్‌డమ్ దగ్గర అది బాగానే పనిచేస్తుంది. కానీ కోర్టు బోనులో నిలబడే విట్‌నెస్ మనిషి. స్టేషన్‌లో రైలెక్కుతాం. గార్మెంట్‌ని తొడుక్కుంటాం. సిమెంట్‌కి కూడా చివర మెంట్ ఉంది, దాన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటే కాంక్రీట్ కలిపే మేస్త్రీ కూడా నవ్వుతాడు.

ఇటువైపు లవ్, ఫియర్, హోప్, ఐడియాలకు ఏ తోకా లేదు, అయినా అబ్‌స్ట్రాక్టే. తోక చూసి అనుమానపడండి, తీర్పు మాత్రం అర్థం చూశాకే.

సమస్య: ఒకే మాటకు రెండు పుస్తకాలు రెండు జవాబులు ఇస్తున్నాయి

రెండూ కరెక్టే అయి ఉండొచ్చు. మాటను వాక్యంలోంచి పీకి విడిగా అడగడం వల్ల వచ్చిన గొడవ ఇది. ఉదాహరణకి యూత్. "హీ వాజ్ పూర్ ఇన్ హిజ్ యూత్" అంటే యవ్వనంలో పేదవాడు, అక్కడ అబ్‌స్ట్రాక్ట్. "ద పోలీస్ అరెస్టెడ్ ఎ యూత్" అంటే పట్టుకుపోయింది ఒక కుర్రాణ్ణి, అక్కడ కాంక్రీట్. జస్టిస్ అంటే న్యాయం, అది అబ్‌స్ట్రాక్ట్. హైకోర్టు న్యాయమూర్తుల్లో ఒకరిని "ఎ జస్టిస్" అన్నప్పుడు అది మనిషి. బ్యూటీ, అథారిటీ కూడా ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టేవే.

సరిచూసే పద్ధతి తేలిక. ఆ మాట తీసేసి "ఎ యంగ్ మ్యాన్", "ఎ జడ్జ్" లాంటి మనిషి పేరో వస్తువు పేరో పెట్టి చదవండి. వాక్యం అర్థం చెడకుండా నిలిస్తే కాంక్రీట్. "హీ వాజ్ పూర్ ఇన్ హిజ్ యంగ్ మ్యాన్" అని చదివి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

సమస్య: గోస్ట్ దగ్గర ఆగిపోతున్నారు

దెయ్యాలు లేవు కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ అంటారు. ఉందా లేదా అన్నది గ్రామర్ పని కాదు. ఉంటే కనిపించేదా? తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు అని కథల్లో వర్ణిస్తున్నాం కదా. కాబట్టి కాంక్రీట్. డ్రాగన్ కూడా.

సమస్య: గోల్డ్ మెటీరియల్ నౌనా, కాంక్రీటా అన్న టెన్షన్

రెండూనూ. ప్రాపర్ (ఒక్కరికి లేదా ఒక్కదానికి పెట్టిన పేరు), కామన్ (ఆ రకం అన్నిటికీ చెల్లే పేరు), కలెక్టివ్ (గుంపు పేరు), మెటీరియల్ (పదార్థం పేరు), అబ్‌స్ట్రాక్ట్ అని స్కూల్లో ఐదు రకాలు చెబుతారు. మొదటి నాలుగింటినీ సాధారణంగా కాంక్రీట్ కింద వేస్తారు. ప్రశ్నలో ఏ పేర్లు ఇచ్చారో చూసుకుని రాయండి.

సమస్య: "హీ గేవ్ మీ టూ అడ్వైసెస్"

తెలుగులో రెండు సలహాలు అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ చివర ఎస్ తగిలిస్తాం. ఇన్ఫర్మేషన్స్ కూడా ఇలా పుట్టిందే. దాన్ని దిద్దబోయి కొందరు "అబ్‌స్ట్రాక్ట్ నౌన్లను లెక్కపెట్టలేం" అని ఇంకో తప్పు నేర్పిస్తారు. ఐడియా, డ్రీమ్, మిస్టేక్, ఇయర్ (సంవత్సరం) అన్నీ అబ్‌స్ట్రాక్టే, ఎన్నైనా లెక్కపెట్టొచ్చు. ఫర్నిచర్, లగేజ్ గది నిండా ఉన్నా వాటికి ఎస్ చేరదు. లెక్కకు వచ్చేదీ రానిదీ అన్న విభజన పూర్తిగా వేరే లెక్క, దీంతో కలపకండి. అడ్వైస్‌ని లెక్కపెట్టాల్సి వస్తే "టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్" అనండి.

సమస్య: "హీ ఈజ్ వెరీ ఆనెస్టీ"

ఇక్కడ విశేషణానికీ నామవాచకానికీ తేడా జారిపోయింది. మాట ముందు ఒకసారి వెరీ, ఒకసారి హిజ్ పెట్టి చూడండి. వెరీ ఆనెస్ట్, హిజ్ ఆనెస్టీ. వెరీ ప్రౌడ్, హిజ్ ప్రైడ్. హిజ్‌తో కుదిరిన రూపమే అబ్‌స్ట్రాక్ట్ నౌన్.

రూపం మార్చమన్నప్పుడు ప్రతిదానికీ నెస్ అతికిస్తే ప్రౌడ్‌నెస్, వైజ్‌నెస్ లాంటివి తయారవుతాయి. పూర్–పావర్టీ, వైజ్–విజ్‌డమ్, బ్రేవ్–బ్రేవరీ, హై–హైట్, లాంగ్–లెంగ్త్, స్ట్రాంగ్–స్ట్రెంగ్త్ లాంటి జతలకు సూత్రమేమీ లేదు. వీటిని మాత్రం బట్టీ పట్టాల్సిందే.