రాత్రి జాబ్ తెల్లారినా అవ్వడం లేదా? కెటిల్‌లో కుప్ప ఎక్కడ పడిందో ముందు చూడండి

మా అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీలో పీలింగ్ చేసేది. చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్లి అక్కడే కూర్చునేవాణ్ని. బాయిలింగ్ దగ్గర పిక్కలు ఎన్ని బస్తాలు ఉడికినా, కటింగ్‌లో మనుషులు తక్కువైతే కుప్ప అక్కడే పడిపోయేది. అవతల పీలింగ్ వాళ్లకి పని ఉండేది కాదు. అప్పుడు గ్రేడింగ్‌లో నలుగుర్ని పెంచినా ఒక్క కిలో కూడా ఎక్కువ రాదు.

ఇప్పుడు నేను కాశీబుగ్గలో ఇంటి నుంచే ఒక జీడి వ్యాపారికి డేటా పని చేస్తున్నాను. కొనుగోలు లాట్లు, కాటా స్లిప్పులు, గ్రేడ్ల లెక్కలు, ఇన్‌వాయిస్‌లు అన్నీ పెంటాహో కెటిల్‌తో (డేటాని ఒకచోట చదివి, మార్చి, ఇంకోచోట ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఒక మైఎస్క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కుతాయి. ఆ పనంతా దానంతటదే నడిచే వరసని జాబ్ అంటారు. రాత్రి 11కి మొదలైన జాబ్ పొద్దున్న ఆరున్నరకి కూడా నడుస్తూనే ఉండేది. "తమ్ముడూ, డబ్ల్యూ 320 ఎంత స్టాకుందో చెప్పు, బయ్యర్ లైన్లో ఉన్నాడు" అని (అది ఒక జీడిపప్పు గ్రేడు) ఫోన్ వస్తే నా దగ్గర సమాధానం ఉండేది కాదు. రోజూ అదే టెన్షన్. మొదట అందరూ చేసేదే చేశాను: కెటిల్ వాడుకునే జావా మెమరీ 2 జీబీ నుంచి 6 జీబీకి పెంచాను. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

అందుకే ముందు స్పూన్‌లో (కెటిల్ పని తయారుచేసి నడిపే స్క్రీన్) ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే జాబ్‌లో ఒకదాని వెనక ఒకటి ఉండే స్టెప్పుల గొలుసు, నడుస్తుండగా కింద స్టెప్ మెట్రిక్స్ ట్యాబ్ తెరవండి. స్పీడ్ కాలమ్ చూసి మోసపోవద్దు. ఒక స్టెప్ నెమ్మదిస్తే దాని ముందువీ వెనకవీ అదే స్పీడుకి పడిపోతాయి కాబట్టి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చివర ఉండే ఇన్‌పుట్/అవుట్‌పుట్ కాలమ్ చూడండి. రెండు స్టెప్పుల మధ్య ఉండే బఫర్‌లో (డేటా ఆగి ఉండే చోటు) మామూలుగా 10,000 రోలు (టేబుల్‌లోని వరసలు) పడతాయి. ఏ స్టెప్ దగ్గర ఇన్‌పుట్ 10,000కి దగ్గరగా ఉండి, అవుట్‌పుట్ సున్నాకి దగ్గరగా ఉందో, కుప్ప అక్కడే పడింది.

నా జాబ్‌లో అది డేటాబేస్ లుకప్. ప్రతి కాటా స్లిప్పుకీ రైతు కోడ్ ఇచ్చి ఊరు తెచ్చుకునే స్టెప్. రైతుల టేబుల్ చిన్నదే కదా అని దాన్ని అనుమానించలేదు. కానీ ఈ స్టెప్ ఒక్కో రోకి ఒక్కో క్వెరీ (డేటాబేస్‌కి వేసే ప్రశ్న) పంపుతుంది. నా ల్యాప్‌టాప్ కాశీబుగ్గలో, సర్వర్ ముంబయిలో. ఒక క్వెరీ వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు అనుకోండి. 6 లక్షల రోలకి 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు. అంతసేపూ ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది, వెళ్లి రావడానికే పోతుంది ఆ టైమంతా.

దాని బదులు రైతుల టేబుల్‌ని ఒక టేబుల్ ఇన్‌పుట్‌తో ఒక్కసారి తెచ్చి స్ట్రీమ్ లుకప్‌కి ఇవ్వండి. అది మొత్తం మెమరీలో పెట్టుకుని అక్కడే వెతుకుతుంది. నేను ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. మైఎస్క్యూఎల్ మామూలు సెట్టింగ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. స్ట్రీమ్ లుకప్ చూస్తుంది. చిన్నక్షరాల్లో కొట్టిన రైతు కోడ్‌లన్నిటికీ ఆ రోజు ఊరు ఖాళీగా వచ్చింది. కాబట్టి లుకప్‌కి ముందే రెండు వైపులా కోడ్‌ని ట్రిమ్ చేసి (ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేసి), పెద్దక్షరాల్లోకి మార్చండి. డేటా టైప్ కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి.

ఈ కుప్ప తీశాక ఇంకోటి బయటపడింది: ఇన్సర్ట్/అప్‌డేట్ స్టెప్. అదీ ఇదే జబ్బు. ప్రతి రోకీ ముందు ఉందో లేదో వెతికి, తర్వాత రాస్తుంది. నేను దాన్ని తీసేసి, రోలన్నీ టేబుల్ అవుట్‌పుట్‌తో ఒక స్టేజింగ్ టేబుల్‌లో (తాత్కాలిక టేబుల్) దింపి, ఆఖర్న 'ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్' ఉన్న (రో ముందే ఉంటే మార్చు, లేకపోతే చేర్చు అని) ఒకే ఎస్క్యూఎల్‌తో అసలు టేబుల్‌కి కలిపాను. లాట్ నంబరు, స్లిప్పు నంబరు మీద యూనిక్ కీ (ఒకే నంబరు రెండుసార్లు పడనివ్వని నియమం) లేకపోతే ఇది పనిచేయదు, డూప్లికేట్లు పడతాయి. టేబుల్ అవుట్‌పుట్‌లో బ్యాచ్ అప్‌డేట్ (రోలని కట్టలుగా పంపడం) టిక్ పెట్టి ఉందో లేదో చూడండి. కనెక్షన్ ఆప్షన్లలో 'రీరైట్‌బ్యాచ్‌డ్‌స్టేట్‌మెంట్స్'ని ట్రూ చేయండి. అది లేకపోతే డ్రైవర్ (కెటిల్‌ని డేటాబేస్‌తో కలిపే భాగం) బ్యాచ్‌ని కూడా ఒక్కో రోగా విడదీసి పంపుతుంది.

సార్ట్ (వరస క్రమంలో పెట్టడం), గ్రూప్ బై (గుంపులుగా మొత్తాలు కట్టడం) లాంటివి వీలైనంత వరకు డేటాబేస్ క్వెరీలోనే చేయించండి.

ఒకే స్టెప్‌ని ఒకేసారి రెండు మూడుగా నడిపేలా కాపీలు పెంచే ఆప్షన్ చూడగానే ఆశ పుడుతుంది. బస్తాలని 80తో గుణించి కిలోలు చేసే కాలిక్యులేటర్ లాంటి స్టెప్‌కి ఫర్వాలేదు. టేబుల్ ఇన్‌పుట్‌కి మాత్రం రెండు కాపీలు పెట్టకండి. క్వెరీ రెండుసార్లు నడిచి రోలు రెట్టింపవుతాయి, లేని పప్పు స్టాకులో కనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఇంకోటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటల్ని పడగొట్టింది. ఆ సీజన్ లాట్లని ఇప్పుడెవరూ మార్చరు. నా జాబ్ మాత్రం ఇన్నేళ్లుగా ప్రతి రాత్రీ వాటిని మొదటి నుంచీ మళ్లీ చదువుతోంది. సోర్స్ టేబుల్‌లో మార్పు తేదీ కాలమ్ ఉంటే, దాని మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేసి, గత 7 రోజుల్లో మారినవే తెచ్చుకోండి. నిన్నటివి చాలవు. కాటా దగ్గర కుర్రాళ్లు నాలుగైదు రోజుల తర్వాత కూడా మార్పు తేదీ కూడా పాతదే వేసి స్లిప్పులు ఎక్కిస్తారు. డిలీట్ అయిన స్లిప్పులు ఈ పద్ధతిలో దొరకవు, వాటికోసం నేను ఆదివారం రాత్రి మాత్రం టేబుల్ ఖాళీ చేసి అన్నీ మళ్లీ ఎక్కించే ఫుల్ లోడ్ ఉంచాను.

ఇవన్నీ ఒకే రోజు మార్చకండి. ఒకటి మార్చి, ఒక రాత్రి నడిపి, టైమ్ రాసుకుని, తర్వాతది పట్టుకోండి. నా జాబ్ ఇప్పుడు పన్నెండు కొట్టకముందే అయిపోతోంది. అయినా పాత జాబ్‌ని వారం రోజులు వేరే టేబుల్‌లోకి పక్కనే నడిపించాను. రోజూ పొద్దున్న రెండిట్లో రోల లెక్క, లాట్ వారీగా కిలోల మొత్తం పోల్చేవాణ్ని. మూడో రోజు ఒక లాట్‌లో సరిగ్గా 80 కిలోలు తేడా వచ్చింది. ఒక స్లిప్పు నంబరు చివర స్పేస్ ఉంది.