ఫంక్షన్‌కి మూడు నాలుగు విలువలు పంపాలా? పేరు పెట్టి పంపండి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు అమ్మిన రైతుకు చివరికి చేతికి ఎంత వస్తుందో లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి పైథాన్‌లో రాస్తున్నాం అనుకోండి. దానికి మూడు విలువలు కావాలి: క్వింటాళ్లు, ధర, క్వింటాకు హమాలీ. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లో ఈ మూడింటినీ ఇదే వరసలో కామాలు పెట్టి రాయండి, ఇవే పారామీటర్లు. క్వింటాళ్లను ధరతో గుణించి, అందులోంచి క్వింటాళ్లు ఇంటూ హమాలీ తీసేయాలి, అంతే లెక్క. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు కాబట్టి పిలిచేటప్పుడు ఇలా రాస్తాం:

చేతికొచ్చేది(40, 1200, 20)

48,000లో 800 పోయి 47,200 వస్తుంది. ఇప్పుడు మొదటి రెండూ అటూ ఇటూ అయ్యి (1200, 40, 20) అని పడిందనుకోండి, జవాబు 24,000! ఎర్రర్ ఏమీ రాదు. ఒక విలువ తక్కువ పంపితే టైప్ఎర్రర్ అని అక్కడికక్కడే ఆగిపోతుంది, అది మనకు మేలే, కానీ వరస తప్పితే మాత్రం కిక్కురుమనదు. హమాలీ సున్నా పెట్టి టెస్ట్ చేస్తే ఈ తప్పు అసలు బయటపడదు, ఎటు గుణించినా 48,000 కదా. రైతు డబ్బు లెక్క ఇలా తప్పకూడదు. అందుకే:

చేతికొచ్చేది(ధర=1200, క్వింటాళ్లు=40, హమాలీ=20)

ఇక వరస ఎలా ఉన్నా పర్వాలేదు. కొన్నింటికే పేరు పెడితే, పేరు లేనివి ముందు రావాలి. అందరూ పేరుతోనే పిలవాలంటే ఫంక్షన్ రాసేచోట పారామీటర్లకు ముందు ఒక స్టార్ గుర్తు, కామా పెట్టండి (*, క్వింటాళ్లు, ధర, హమాలీ). పెద్ద ప్రోగ్రాముల్లో నేనైతే ఇది తప్పనిసరి అంటాను.

హమాలీ మామూలుగా 20 అయితే అక్కడే హమాలీ=20 అని రాసేయండి, పంపకపోయినా అదే తీసుకుంటుంది. కానీ ఖాళీ లిస్టును మాత్రం అలా డిఫాల్ట్‌గా పెట్టొద్దు, ఆ లిస్టు ఒక్కసారే తయారవుతుంది, ఒకసారి అందులో వేసింది మళ్లీ పిలిచినప్పుడు కూడా అలాగే ఉంటుంది.

ఎన్ని లాట్లు వస్తాయో ముందే తెలియదంటే పారామీటర్‌ను *లాట్లు అని రాయండి, ఎన్ని పంపినా ఒకే ట్యూపుల్‌గా (మార్చడానికి వీల్లేని లిస్టు లాంటిది) అందుతాయి.

విలువలు ఇప్పటికే అమ్మకం అనే డిక్షనరీలో (పేరుకో విలువ చొప్పున దాచేది) ఉంటే, ముందు రెండు స్టార్లు పెట్టి చేతికొచ్చేది(**అమ్మకం) అంటే సరిపోతుంది, డిక్షనరీలోని పేర్లు పారామీటర్ల పేర్లతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ డిక్షనరీ సీఎస్‌వీ ఫైల్ (విలువల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైల్) నుంచి వచ్చిందైతే అందులో 40 కూడా అక్షరాలుగానే ఉంటుంది, పంపే ముందే అంకెలుగా మార్చుకోండి.