డేటింగ్ షోలో లావుగా ఉన్న అమ్మాయిని కెమెరా ఎలా చూస్తోందో పట్టుకోవడం

ముందు శబ్దం ఆపేసి చూడండి. ఎడిటింగ్ గదిలో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అసలు తీర్పు మాటల్లో ఉండదు. సన్నటి అమ్మాయి నడిచొస్తుంటే కెమెరా పాదాల నుంచి పైకి తీరిగ్గా పాకుతుంది. లావుగా ఉన్న అమ్మాయి దగ్గర తరచు ముఖంతోనే సరిపెడుతుంది, లేదా ఆమె తినేటప్పుడే దానికి గుర్తొస్తుంది!

తర్వాత తెరమీది అక్షరాలు చదవండి. 2009లో అమెరికాలో ఫాక్స్ చానల్ ప్రసారం చేసిన, లావుగా ఉన్నవాళ్ల డేటింగ్ షో ‘మోర్ టు లవ్’లో అమ్మాయిల పేరు కింద ఎత్తు, బరువు కూడా వేశారు. సన్నటి అమ్మాయిలే ఎక్కువగా కనిపించే డేటింగ్ షో ‘ది బ్యాచిలర్’లో మాత్రం వయసు, ఉద్యోగంతో ఊరుకున్నారు.

ఇక ఏడుపు. ఒంటి గురించే ఏడుస్తుంటే, దాని గురించి అడిగిందెవరో వెతకండి. ఆ గొంతును చాలాసార్లు మాలాంటివాళ్లే కత్తిరించి ఉంటారు.